అటక మీద దొరికిన తుపాకీ ఎవరిది? నంబరు పట్టుకుని జాడ తీసే పద్ధతి

అమ్మమ్మ పోయిన ఏడాది తర్వాత ఊళ్ళో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద గోనెపట్టా చుట్టిన పొడుగాటి వస్తువొకటి దొరికింది. గడ్డపార అనుకుని కిందికి దించాం. విప్పితే రెండు గొట్టాల తుపాకీ. "నాన్నది కాదే, పక్క ఊరి ఆసామి మన దగ్గర తాకట్టు పెట్టింది" అని చిన్న మామయ్య అమ్మతో అన్నాడు. "తాకట్టేంటి, నాన్న మునసబుగా ఉన్నప్పుడు డబ్బులిచ్చి కొన్నాడు" అని పెద్ద మామయ్య. అమ్మకైతే ఇంట్లో తుపాకీ ఉన్న సంగతే తెలియదు.

అది ఎవరిదో తేల్చడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు పద్ధతి తెలియక పోయినవే. మీ ఇంట్లో తాతదో, ముత్తాతదో ఇలాంటిది బయటపడితే ఆ నాలుగు నెలలు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట. జాడ తీయడానికి తుపాకీ మీ ఇంట్లో ఉండక్కర్లేదు, దాని మీది నంబరు చాలు. ముందు తుపాకీని చట్టం చెప్పిన చోట అప్పగించండి. వెతుకులాట ఆ తర్వాత.

మొదట చేయాల్సింది: చేతులు వెనక్కి

పాత తుపాకీలో గుండు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి. నాటు తుపాకీ అయితే మరీ ప్రమాదం. గొట్టం మూతి నుంచి మందు, రవ్వలు కూరిన తుపాకీ ముప్పై ఏళ్ళు అటక మీద పడున్నా మందు చావకపోవచ్చు. బయటికి చూస్తే ఏమీ తెలియదు. పిల్లల్ని గదిలోంచి పంపించండి. ట్రిగ్గర్ వైపు వేలు పోనివ్వకుండా, మూతి మనుషులు లేని వైపు ఉండేలా దాన్ని అక్కడే ఉంచండి. మడిచి తెరిచి చూసే పని తెలిసినవాళ్ళదే.

రెండో ప్రమాదం చట్టంతో. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. 2019 సవరణ తర్వాత మామూలు తుపాకీకి కూడా శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా ఉంటుంది. "మా తాత ఆస్తి కదా" అంటే కుదరదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తుపాకీ మీద ఆస్తి హక్కు వేరు, దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు వేరు. వారసుడిగా మొదటిది మీకు వస్తుంది. రెండోది లైసెన్సుతోనే వస్తుంది.

దీనికి దారి కూడా అదే చట్టంలో, 21వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు గడువు తీరడం, లైసెన్సుదారు చనిపోవడం వంటి ఏ కారణంతో ఆయుధం మన దగ్గర ఉండటం చట్టవిరుద్ధమైనా, అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. కాబట్టి దొరికిన రోజే స్టేషన్‌కి ఫోన్ చేయండి. తుపాకీని బండి మీద పెట్టుకుని మీరే బయల్దేరొద్దు, దారిలో ఆపితే చెప్పుకోవడం కష్టం. "ఇల్లు సర్దుతుంటే దొరికింది, మీరే వచ్చి తీసుకెళ్ళండి" అని చెప్పి, ఫోన్ చేసిన టైము రాసిపెట్టుకోండి. నాకూ ఆ రోజు టెన్షన్‌గానే ఉంది, నిజం చెప్పాలంటే రాత్రంతా నిద్రలేదు. మనంతట మనమే చెప్పడానికీ, వాళ్ళు వచ్చి పట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. తూటాల పెట్టె కూడా దొరికినా, తుపాకీ పాయింట్ 303, 9 ఎంఎం లాంటి నిషిద్ధ రకమని అనుమానం వచ్చినా, ఫోన్ చేసేటప్పుడే ఒక వకీలును పక్కన పెట్టుకోండి. ఆ రకాలకు శిక్ష చాలా పెద్దది.

అప్పగించాక రసీదు అడిగి తీసుకోండి. అందులో తుపాకీ రకం, తయారీదారు పేరు, నంబరు, తేదీ, స్టేషన్ ముద్ర ఉండాలి. "ఒక తుపాకీ" అని మాత్రమే రాసిన రసీదు రేపు ఎందుకూ పనికిరాదు.

తుపాకీ ఏం చెబుతుంది

వాళ్ళు వచ్చేలోపు, తుపాకీని కదపకుండా ఫోన్‌లో ఫొటోలు తీయండి. తిప్పి చూడాల్సిన భాగాలను వచ్చిన సిబ్బంది చేత ఖాళీ చేయించి, వాళ్ళ ముందే తీయండి. అడిగితే ఎవరూ కాదనరు, వాళ్ళకీ ఆ వివరాలు కావాలి.

తుప్పు పట్టింది కదా అని ఉప్పు కాగితంతో రుద్దకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. నంబరును చెరపడం, మార్చడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం. నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్ళే చెరిపారని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం వాళ్ళదే. కాస్త నూనె వేసిన మెత్తటి గుడ్డ చాలు. అయినా కనబడకపోతే పలుచటి కాగితం ఆనించి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాళ్ళమే, అలాగే. కంటికి దొరకని అంకె కాగితం మీద తేలుతుంది.

మడిచే రకం షాట్‌గన్‌లో నంబరు మామూలుగా ట్రిగ్గర్ గార్డు వెనకకు సాగిన లోహపు తోక మీద ఉంటుంది. గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట, ముందు చేతిపట్టు లోపలి ఇనుము మీద కూడా ఉంటుంది. మూడు చోట్లా ఒకే నంబరుంటే తుపాకీ మొదటి నుంచీ ఒకటే. గొట్టాల మీద ఒకటి, కింద మరొకటి ఉంటే మధ్యలో ఎప్పుడో గొట్టాలు మార్చారన్నమాట. అప్పుడు రెండు నంబర్లతోనూ వెతకాలి.

నంబరు కాని అంకెలు చాలా ఉంటాయి, అక్కడే తికమక. 12 అంటే బోరు, గొట్టం లోపలి వెడల్పు కొలత. రెండున్నర అంగుళాలు అని కనబడితే అది తూటా గది పొడవు. "పేటెంట్" అన్న మాట పక్కన ఉన్న అంకె తుపాకీది కాదు, ఏదో యంత్రాంగానికి తీసుకున్న పేటెంటుది. నేను మొదటి నెల రోజులు అలాంటి పేటెంట్ నంబరునే రాసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను.

చిన్న ముద్రలు పుట్టిన చోటు చెబుతాయి. కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్పీ అన్న ఇంగ్లిష్ అక్షరాలుంటే తుపాకీని ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించారు. మామూలు కంటే ఎక్కువ మందుతో కాల్చి, గొట్టం తట్టుకుంటేనే ఆ ముద్ర వేస్తారు. 1813లో మొదలైన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. పొగరాని మందుకు పరీక్షించినట్టు చెప్పే ఎన్పీ ముద్ర 1904 నుంచి వచ్చింది కాబట్టి, మొదటి నుంచీ అది ఉన్న తుపాకీ అంతకంటే పాతది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్ నగరంలో పరీక్షించినది.

గొట్టాల మధ్య పట్టీ మీద ఊరి పేరుతో ఒక కంపెనీ పేరు కనబడొచ్చు. కలకత్తా రాడా, మాంటన్, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, ఓక్స్ లాంటివి. వీళ్ళలో చాలావరకు అమ్మినవాళ్ళే, తయారుచేసినవాళ్ళు కాదు. అయినా ఆ పేరు పనికొస్తుంది, తుపాకీ మన దేశంలోకి ఏ దారిలో వచ్చిందో చెబుతుంది. అమ్మకందారు పుస్తకం ఎంత బలమైనదో రాడా కంపెనీ చరిత్రే చూపిస్తుంది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆ కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్ళను, 46,000 తూటాలను విప్లవకారులు మాయం చేశారు. ప్రతి పిస్తోలు నంబరూ కంపెనీ దగ్గర రాసి ఉంది. 1918 రౌలట్ కమిటీ నివేదిక నాటికి వాటిలో 31 దొరికాయి, 54 ఘటనల్లో వాటిని వాడినట్టు ఆ నివేదిక రాసింది. విప్లవకారుల మీద మనకెంత గౌరవమున్నా, నంబరు పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి పేరున్న ఇంగ్లిష్ తయారీదారుల దగ్గర పాత ఖాతా పుస్తకాలు ఇంకా ఉన్నాయి. నంబరు రాసి పంపి ఫీజు కడితే ఏ సంవత్సరం తయారైందో, మొదట ఎవరికి అమ్మారో చెబుతారు. ఆ జవాబులో ఉండేది మొదటి కొనుగోలుదారు మాత్రమే. జమీందారు కొన్నాడని తెలిసినంత మాత్రాన అది మీ ఇంటికెలా వచ్చిందో తెలియదు. అందుకే సరదా ఉంటే తప్ప ఆ డబ్బు దండగ. మన దేశంలో చేసిన పాయింట్ 315 రైఫిలో, పాయింట్ 32 రివాల్వరో అయితే ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. వాటి జాడ కాస్త సులువు.

కాగితాల వేట ఇంట్లోనే మొదలు

ఆఫీసులకు పోయే ముందు ట్రంకు పెట్టె మొత్తం బోర్లించండి. వెతకాల్సింది లైసెన్సు పుస్తకం ఒక్కటే కాదు.

పుస్తకం దొరికితే మీ అదృష్టం. పేరు, తండ్రి పేరు, ఊరు, తుపాకీ వివరం, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో అన్నీ అందులోనే ఉంటాయి. తుపాకీ రకం దగ్గర పొడి అక్షరాలు చూసి భయపడకండి. ఎస్‌బీఎంఎల్ అంటే ఒక గొట్టం, మూతి నుంచి మందు కూరేది, అంటే మన నాటు తుపాకీ. డీబీబీఎల్ అంటే రెండు గొట్టాలు, వెనక నుంచి తూటా పెట్టేది. వెనక పేజీల్లో రెన్యువల్ ముద్రలు, డీలరు తూటాలు అమ్మినప్పుడు రాసిన పద్దులు ఉంటాయి. నా దృష్టిలో మొదటి పేజీ కంటే ఈ వెనక పేజీలే విలువైనవి. ఏ సంవత్సరం దాకా లైసెన్సు బతికుంది, ఏ ఆఫీసు రెన్యువల్ చేసింది, ఏ డీలరు దగ్గర కొనేవారు అన్న మూడింటికీ జవాబు అక్కడే ఉంది.

పాత లైసెన్సుల్లో రిటైనర్ అని ఇంకో పేరు కనబడితే అతన్ని యజమాని అనుకోకండి. లైసెన్సుదారు తరఫున తుపాకీ పట్టుకు తిరగడానికి అనుమతి ఉన్న మనిషి మాత్రమే అతను. దీని మీదే దాయాదుల మధ్య తగువులు పడ్డ ఇళ్ళు నాకు తెలుసు.

పుస్తకం దొరక్కపోతే ఎన్నికల రసీదులు వెతకండి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో పెట్టించడం మన దగ్గర రివాజు. ఆ చీటీలను పెద్దవాళ్ళు పారేయరు, పొలం పాసు పుస్తకంలోనో పంచాంగంలోనో దాస్తారు. మా తాతయ్యది రేషన్ కార్డు అట్టలో దొరికింది. దాని మీద లైసెన్సు నంబరు ఉంది, నాకు అసలు కొస దొరికింది అక్కడే. పంపకాల కాగితం, వీలునామా, డీలరు బిల్లు కూడా చూడండి. పంపకాల కాగితంలోని నంబరును మాత్రం నేరుగా నమ్మొద్దు, కారణం చివర్లో చెబుతాను.

ఏ ఆఫీసుకు పోవాలి

జిల్లాల్లో ఆయుధ లైసెన్సు ఇచ్చేది జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనరు. కలెక్టరేట్‌లో ఈ ఫైళ్ళు మెజిస్టీరియల్ సెక్షన్‌లో ఉంటాయి. "గన్ లైసెన్సు సెక్షన్" అని అడిగితే అటెండరు కూడా చూపిస్తాడు.

అసలు చిక్కు ఏ కలెక్టరేట్ అన్నదే. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ ఊరి జిల్లా కొత్తదైతే పాత ఫైలు మాతృ జిల్లా రికార్డు రూములోనే ఉండిపోయి ఉండొచ్చు. ఇంకా వెనక్కి పోతే మరీ తిరకాసు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలోనే పుట్టింది. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కనిగిరి, కందుకూరు నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో, రంగారెడ్డి జిల్లా 1978లో వచ్చాయి. లైసెన్సు ఇచ్చిన సంవత్సరం నాటికి మీ తాలూకా ఏ జిల్లాలో ఉందో ముందు తేల్చుకుని బయల్దేరండి. తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, అంకెలు కూడా ఉర్దూవే. చదివేవాళ్ళను వెంట తీసుకుపోవాలి.

దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. లైసెన్సుదారు పూర్తి పేరు, తండ్రి పేరు, పాత చిరునామా, తెలిసినంతలో లైసెన్సు నంబరు, తుపాకీ రకం, నంబరు, స్టేషన్ డిపాజిట్ రసీదు కాపీ. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయండి. ఈ రెండో పత్రం లేకపోతే మీరు వారసులో, దారిన పోయే దానయ్యో వాళ్ళకు తెలియదు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఈ నంబరు తుపాకీ ఎవరిది" అని అడిగితే మూడో వ్యక్తి సమాచారమని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. "మా తాతగారి పేరున ఉన్న ఫలానా లైసెన్సు ఫైలు నకలు, ఆయుధాల రిజిస్టరులో ఆ పద్దు నకలు" అని అడగండి.

అదే సమయంలో స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ని పలకరించండి. స్టేషన్ పరిధిలోని లైసెన్సుదారుల రికార్డు, డిపాజిట్ రిజిస్టరు వాళ్ళ దగ్గర ఉంటాయి. కలెక్టరేట్‌లో దొరకని పద్దు అక్కడ దొరికిన సందర్భాలు తక్కువేం కాదు. డీలరు పేరు తెలిస్తే అక్కడికీ వెళ్ళండి. ఎవరి దగ్గర కొన్నారు, ఎవరికి అమ్మారు అని వాళ్ళు రిజిస్టరు రాయాల్సిందే. పాత డీలర్ల జ్ఞాపకశక్తి ఆ రిజిస్టర్లకు ఏమీ తీసిపోదు.

ఆన్‌లైన్‌లో కొడితే రాదా అని నన్ను చాలామంది అడిగారు. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్ ఉంది, ప్రతి లైసెన్సుదారుకూ అందులో యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఇస్తారు. అది అధికారులు చూసేది. తుపాకీ నంబరు కొట్టి యజమానిని చూసే సౌకర్యం జనానికి లేదు, ఉండకూడదు కూడా. ఎవరింట్లో తుపాకీ ఉందో దొంగకు చెప్పినట్టవుతుంది. పైగా ఎప్పుడో రెన్యువల్ ఆగిపోయిన లైసెన్సు అందులోకి ఎక్కి ఉండదు.

నంబరే లేకపోతే

నంబరు అరగదీసిన తుపాకీ అయితే మీ వేట అక్కడితో ఆగాలి, అది పోలీసుల పని. నంబరు గుద్దినప్పుడు పైన గుంతతో పాటు అడుగున లోహం కూడా నొక్కుకుపోతుంది. పైపొర గీకేసినా ఆ నొక్కుడు మిగులుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్ లాంటి ఫోరెన్సిక్ ల్యాబుల్లో రసాయనం పూస్తే నొక్కుకున్న చోటూ, నొక్కుకోని చోటూ వేరువేరుగా కరిగి అంకెలు మళ్ళీ కనబడతాయి. నాటు తుపాకీలకైతే అసలు నంబరే ఉండకపోవచ్చు. పంట రక్షణకు లైసెన్సు ఇచ్చి ఉంటే గుద్దిన గుర్తు ఏదైనా ఉందేమో చూడాలి. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన తుపాకీకి ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కానీ పేలదని తేల్చాల్సింది మీరు కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు రెండు ముక్కలు

అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. దేశమంతటికీ కలిపి యజమానుల జాబితా లేదు, అలాంటిది పెట్టకూడదని 1986 చట్టమే ఉంది. నేరంలో దొరికిన తుపాకీకి వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఏటీఎఫ్ (అక్కడ తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రం జాడ తీస్తుంది. తయారీదారు నుంచి హోల్‌సేల్, అక్కడి నుంచి దుకాణం, దుకాణంలో 4473 అనే ఫారం నింపిన మొదటి కొనుగోలుదారు దాకా. పోలీసులు అడిగితేనే చేస్తారు, మీరూ నేనూ అడిగితే కాదు. సెకండ్ హ్యాండ్ తుపాకీ కొనేముందు దొంగది కాదని చూసుకోవాలంటే స్థానిక పోలీసులను అడగడమే దారి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ పట్టుకోకూడదు. ఫ్రెండు తుపాకీతో ఫొటో దిగే ముందు ఇది గుర్తుంచుకోండి.

యజమాని తేలాక

మీ కుటుంబానిదే అని తేలితే మూడు దారులు. వారసుల్లో ఒకరు 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేయొచ్చు. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్, పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం అన్నీ కావాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవీ అందులోనే లెక్క. వద్దనుకుంటే డీలరుకో, లైసెన్సున్న వేరే వ్యక్తికో అధికారుల అనుమతితో అమ్మొచ్చు. అదీ వద్దంటే ప్రభుత్వానికి వదిలేయడమే. ఏ దారి పట్టినా త్వరగా తేల్చండి, డిపాజిట్ గడువు దాటితే జప్తు చేసే అధికారం జిల్లా మెజిస్ట్రేటుకు ఉంది. లైసెన్సుదారు ఇంకా బతికే ఉంటే మరీ సులువు. ఆయనకు డెబ్భై ఏళ్ళు నిండినా, తుపాకీ పాతికేళ్ళుగా ఆయన దగ్గరున్నా వారసుడిని నామినేట్ చేయొచ్చు. మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పండి.

పంపకాల కాగితం సంగతి బాకీ పడ్డాను. మా ఇంట్లో ఎవరో రాసిన ఆ కాగితంలో తుపాకీ నంబరులో 8 కాస్తా 3 అయింది. ఆ నంబరుతో ఎక్కడ అడిగినా లేదన్నారు. ఎన్నికల చీటీ మీది లైసెన్సు నంబరుతో పాత నెల్లూరు జిల్లా ఫైలు బయటికి వచ్చాక, నేను పెన్సిల్‌తో రుద్దిన కాగితం పక్కన పెడితే అంకెలన్నీ సరిపోయాయి. 1961లో పక్క ఊరి ఆసామి తన తుపాకీని మా తాతయ్యకు అమ్ముతున్నట్టు రాసిచ్చిన అర్జీ ఆ ఫైల్లోనే ఉంది. ముందు తాకట్టు, అప్పు తీరక తర్వాత అమ్మకం అని అర్జీలో ఆయనే రాశాడు. ఇద్దరు మామయ్యలకూ దాని నకళ్ళు పంపాను. పెద్ద మామయ్య ఇప్పటికీ మొదటి పేజీ ఒక్కటే చదువుతాడు.